బహుపాత్రల స్వతంత్ర చిత్రాన్ని డిస్క్‌పైకి తేవడం ఎలా

ఒకే కథానాయకుడి చుట్టూ తిరిగే చిత్రాన్ని ప్రేక్షకుడు ఒక్కసారి చూసి కథనంతా పట్టుకోగలడు. పదిమందో పదిహేనుమందో సమానమైన బరువు మోసే చిత్రం అలా ఉండదు. మొదటిసారి చూసేటప్పుడు కన్ను మాట్లాడేవాళ్ల మీదే నిలుస్తుంది. రెండోసారి చూసినప్పుడే, ఆ మాట విని మౌనంగా తల దించుకున్న మనిషి కనిపిస్తాడు. అందువల్ల ఈ తరహా చిత్రం పూర్తిగా అందేది ఇంట్లో, కావలసినచోట ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ చూసినప్పుడేనని నా నమ్మకం. చిన్న పెట్టుబడితో, పెద్ద సంస్థల అండ లేకుండా తీసిన అలాంటి చిత్రాన్ని డీవీడీగానో బ్లూరేగానో తెచ్చేటప్పుడు ఏ పని ఎప్పుడు చేయాలో, ఎక్కడ జాగ్రత్త పడాలో ఇక్కడ వివరిస్తున్నాను. అన్ని దశలకూ ఒకటే కొలత పెట్టుకుంటే పని సులువవుతుంది: బృందంలోని ప్రతి మనిషీ ఇంటి తెర మీద కనిపించాలి, ఇంటి స్పీకర్లలో వినిపించాలి.

హక్కుల పని షూటింగ్‌కు ముందే

హోమ్ వీడియో పని చిత్రం పూర్తయ్యాక మొదలవుతుందని చాలామంది అనుకుంటారు గాని, అది నటీనటుల ఒప్పందాలు రాసే రోజునే మొదలవుతుంది. థియేటర్, టీవీ, స్ట్రీమింగ్, డిస్క్ హక్కులు దేనికది వేరు. ఒప్పందంలో డిస్క్ మాట లేకపోతే, చిత్రం విడుదలై ఎన్నో ఏళ్లు గడిచాక పదిహేనుమందిని వెతికి పట్టుకుని సంతకాలు అడగవలసి వస్తుంది. షూటింగ్ సమయంలో తీసే తెర వెనుక దృశ్యాలను, తొలగించిన సన్నివేశాలను, ప్రతి నటుడి ముఖచిత్రాన్ని డిస్క్‌లోనూ అట్ట మీదా వాడుకునే అనుమతిని కూడా అదే కాగితంలో రాయించుకోవాలి. పేర్ల క్రమం బహుపాత్రల చిత్రంలో చాలా సున్నితమైన విషయం. అక్షరక్రమంలోనో, తెర మీద కనిపించిన క్రమంలోనో వేస్తామని, అందరికీ అక్షరాల పరిమాణం ఒకటేనని, ఆ షరతు డిస్క్ అట్టకూ వర్తిస్తుందని ముందే రాసుకుంటే తర్వాత మనస్పర్థలకు తావుండదు.

ఇంతకంటే ప్రమాదకరమైనది సంగీతం. ఒక పాటను చిత్రంలో వాడాలంటే రెండు అనుమతులు కావాలి. పాట రాసినవారి, బాణీ కట్టినవారి తరఫున ఇచ్చే సింక్ హక్కు ఒకటి. ఆ పాట రికార్డింగ్ యజమాని ఇచ్చే మాస్టర్ హక్కు రెండోది. పాత్ర స్వయంగా కూనిరాగం తీస్తే మాస్టర్ హక్కు అక్కర్లేదు గాని, పాట ఇంకా కాపీరైటులో ఉంటే సింక్ హక్కు తప్పదు. డబ్బు తక్కువగా ఉన్న నిర్మాతలు చలనచిత్రోత్సవాల వరకు మాత్రమే చెల్లే అనుమతి చౌకగా తీసుకుంటారు. అందులో తప్పు లేదు. అయితే ఆ అనుమతిని తర్వాత అన్ని మాధ్యమాలకు, అన్ని దేశాలకు, కాలపరిమితి లేకుండా పొడిగించుకునే వీలును, అందుకు చెల్లించవలసిన మొత్తాన్ని ఆ ఒప్పందంలోనే ఖాయం చేసుకోవాలి. చిత్రానికి పేరు వచ్చాక అడిగితే ధర వేరుగా ఉంటుంది.

అమెరికా దర్శకుడు చార్లెస్ బర్నెట్ తన చదువులో భాగంగా 16 మిల్లీమీటర్ల ఫిల్ముపై తీసిన ‘కిల్లర్ ఆఫ్ షీప్’ 1970ల చివర్లో పూర్తయింది. 1990లోనే అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో చోటు సంపాదించిన ఆ చిత్రం, అందులోని పాటల హక్కులు తేలక, 2007 వరకు థియేటర్లలో విస్తృతంగా గాని డీవీడీగా గాని రాలేదు. దాదాపు 30 ఏళ్లు! ఒక గొప్ప చిత్రం సగటు ప్రేక్షకుడికి అందకుండా ఒక తరం గడిచిపోయిందంటే, ఆ నష్టం నిర్మాతది ఒక్కడిదే కాదు.

షూటింగ్‌లో పాటించవలసిన నియమం కూడా ఇక్కడే చెప్పాలి. విందు, పెళ్లి, వీడ్కోలు సభ లాంటి సన్నివేశాల్లో అసలు పాటను మోగిస్తూ సంభాషణలు రికార్డు చేస్తే ఆ పాట మాటలతో కలిసిపోతుంది. హక్కు దొరకనినాడు దానిని విడదీసి తీసేయడం దాదాపు అసాధ్యం. లయ అందరి ఒంట్లోకి వచ్చేవరకు పాట వినిపించి, మాటలు మొదలయ్యే సమయానికి ఆపేసి, పాటను తర్వాత మిక్సింగ్‌లో చేర్చాలి. అప్పుడు పాట మారినా మాటలు చెక్కుచెదరవు.

ఏ డిస్క్, అందులో ఎంత చోటు

నిర్ణయం తీసుకునే ముందు చిన్న లెక్క వేసుకోవాలి. బహుపాత్రల చిత్రాలు సాధారణంగా నిడివి ఎక్కువవి కాబట్టి 140 నిమిషాల చిత్రాన్నే ఉదాహరణగా తీసుకుందాం; అంటే 8,400 సెకన్లు. ఒక పొర డీవీడీలో 4.7 గిగాబైట్ల చోటుంటుంది. దానిని ఈ సెకన్లకు పంచితే బొమ్మకూ శబ్దానికీ కలిపి సెకనుకు 4.5 మెగాబిట్లు కూడా పూర్తిగా రావు. డీవీడీ వాడే ఎంపెగ్-2 కుదింపులో ఇది చాలా తక్కువ. పదిమంది ఒకే ఫ్రేములో కదులుతున్నప్పుడు వెనుక వరుసలోని ముఖాలే మొదట పలుచబడి గళ్లుగళ్లుగా మారతాయి. రెండు పొరల డీవీడీలో 8.5 గిగాబైట్లు ఉంటాయి, అంటే సెకనుకు సుమారు 8 మెగాబిట్లు, ఇది సరిపోతుంది. 25 గిగాబైట్ల బ్లూరేలో సెకనుకు 23 మెగాబిట్లకు పైగా దొరుకుతాయి గాని, అదనపు విశేషాలకు చోటు మిగలదు. 50 గిగాబైట్ల బ్లూరే తీసుకుని చిత్రానికి సగటున 30 మెగాబిట్లు కేటాయిస్తే బొమ్మకు 31.5 గిగాబైట్లు పోయి, మిగిలిన 18 గిగాబైట్లలో శబ్దం, వ్యాఖ్యానాలు, తొలగించిన సన్నివేశాలు హాయిగా ఇముడుతాయి. చేతిలో డబ్బు ఒక్కదానికే ఉంటే నేను 50 గిగాబైట్ల బ్లూరేనే ఎంచుకోమంటాను.

ఫ్రేముల వేగం మరో మెలిక. బ్లూరే సెకనుకు 24 ఫ్రేములను ఉన్నదున్నట్టు భద్రపరుస్తుంది. 25 ఫ్రేములతో తీసిన పూర్తి హెచ్‌డీ చిత్రాన్ని మాత్రం 50 ఫీల్డుల ఇంటర్‌లేస్ రూపంలో (ఒక్కో ఫ్రేమును రెండు సగాలుగా విడదీసి) చుట్టి పెట్టవలసి ఉంటుంది. పాల్ పద్ధతి (భారత్, ఐరోపా లాంటి చోట్ల టీవీ ప్రమాణం) డీవీడీలో ఇబ్బంది ఇందుకు తిరగబడి వస్తుంది: 24 ఫ్రేముల చిత్రాన్ని 25తో నడిపిస్తే నిడివి 4 శాతం తగ్గుతుంది, శ్రుతిని సరిచేయకపోతే అందరి గొంతులూ అర్ధస్వరానికి (సెమీటోన్) కొంచెం తక్కువగా పైకి పోతాయి. గొంతును బట్టే మనుషులను గుర్తుపట్టవలసిన చిత్రంలో ఇది చిన్న దోషం కాదు. శ్రుతి దిద్దమని ఆథరింగ్ (డిస్క్ రూపకల్పన) చేసేవారికి రాతపూర్వకంగా చెప్పాలి.

బొమ్మ

థియేటర్ కోసం తయారైన డీసీపీని (డిజిటల్ సినిమా ప్యాకేజీ) నేరుగా మార్చి డిస్క్‌లో పెట్టకూడదు. చీకటి హాలులో తెల్లని తెరకు తగినట్టు డీసీపీలో గామా (వెలుగునీడల మెట్లను నిర్ణయించే అంకె) 2.6గా ఉంటుంది, రంగుల విస్తృతి వేరుగా ఉంటుంది. ఇంటి టీవీకి హెచ్‌డీ టీవీ రంగుల ప్రమాణమైన రెక్ 709లో, గామా 2.4కు తగినట్టుగా మళ్లీ గ్రేడింగ్ (రంగులు, వెలుగు దిద్దడం) చూసుకోవాలి. యంత్రం మార్చి ఇచ్చిన దానితో తృప్తిపడితే ముందువరుస ముఖాలు బాగానే ఉంటాయి, దీపానికి దూరంగా కూర్చున్నవాళ్లు నీడలో కలిసిపోతారు. గ్రేడింగ్ చేసే గదిలో పూర్తి చీకటి వద్దు. మసక వెలుతురు ఉంచి, రాత్రి సన్నివేశాలన్నిటినీ ఒక్కసారైనా మామూలు టీవీ మీద చూసి, అంచున ఉన్న ప్రతి ముఖంలోనూ కళ్లు కనిపిస్తున్నాయో లేదో గమనించాలి. తెర నిష్పత్తిని మాత్రం ఎవరు అడిగినా మార్చవద్దు. పక్కలు కోసి టీవీ నిండా నింపితే మొదట పోయేది అంచున నిలబడ్డ మనిషే.

మాటలు

ఈ రకం చిత్రానికి ప్రాణం ఇక్కడుంది, పొరపాట్లు జరిగేదీ ఇక్కడే. అమెరికా దర్శకుడు రాబర్ట్ ఆల్ట్‌మన్ 1975లో 24 ప్రధాన పాత్రలతో ‘నాష్‌విల్’ తీసినప్పుడు, నటులకు విడివిడిగా మైకులు అమర్చి వారి మాటలను బహుళ ట్రాకుల యంత్రంపై వేర్వేరుగా రికార్డు చేయించారు. ఎవరి మాట ముందుకు రావాలో, ఎవరిది వెనుక గుసగుసగా ఉండాలో తర్వాత నిర్ణయించుకునే స్వేచ్ఛ అందువల్ల దక్కింది. ఈనాటి పరికరాలతో ఇది చిన్న చిత్రానికీ అందుబాటులోకి వచ్చింది కాబట్టి, ప్రతి నటుడి మైకు ట్రాకునూ విడిగా దాచుకోవాలి; మిక్సింగ్ అయిపోయింది కదా అని వాటిని చెరిపేస్తే డిస్క్ పని వచ్చేసరికి చేతిలో ఏమీ ఉండదు.

థియేటర్ మిక్స్‌ను 85 డెసిబెల్ ప్రమాణానికి సరిచేసిన పెద్ద గదిలో చేస్తారు. ఇంట్లో ఎవరూ అంత బిగ్గరగా పెట్టుకోరు. శబ్దం తగ్గించగానే గట్టి మాటకూ మెల్లని మాటకూ మధ్య ఉన్న దూరంలో మెల్లని మాట మాయమవుతుంది. నేను పాలుపంచుకున్న ఒక చిత్రంలో, భోజనాల బల్ల దగ్గర ఏడుగురు ఒకేసారి మాట్లాడే సన్నివేశం ఉంది. థియేటర్‌లో ఆ సందడి మధ్య నుంచి పెద్దకూతురు అనే ఒక్క మాట స్పష్టంగా తాకేది. పరీక్ష డిస్క్‌ను ఇంట్లో చూసినప్పుడు ఆ మాట కంచాల చప్పుడులో కొట్టుకుపోయింది. కథ మలుపు తిరిగేది ఆ మాట మీదే. మళ్లీ స్టూడియోకు వెళ్లి ఆ రీలంతా తిరిగి మిక్స్ చేయించాం, విడుదల వాయిదా పడింది.

అందుకే ఇంటి కోసం దగ్గరి స్పీకర్లతో, చిన్న గదిలో, వేరే మిక్స్ చేయించాలి. సంభాషణలు, సంగీతం, చప్పుళ్లు అనే మూడు విభాగాలను విడివిడిగా తెప్పించుకుని, సంభాషణల్లోనూ ముఖ్యమైన మాటలనూ గుంపు గోలనూ రెండుగా విడగొట్టమని అడగాలి. 5.1 శబ్దంలో (ఐదు స్పీకర్లు, ఒక మంద్ర స్పీకరు) మాటలన్నీ మధ్య స్పీకర్‌లోనే ఉంచడం ఆనవాయితీ. గుంపు సన్నివేశాల్లో మాత్రం తెర మీద ఎడమ అంచున ఉన్నవారి మాటను కొద్దిగా ఎడమకు జరపడం వల్ల చెవి మనుషులను విడదీసుకోగలుగుతుంది. అయితే అతి చేయకూడదు, చాలామంది వినేది టీవీలోని రెండు చిన్న స్పీకర్ల నుంచే. ఆ కారణంగానే స్టీరియో మిక్స్‌ను 5.1 నుంచి యంత్రం దించేదానికి వదలకుండా, మనిషి విని చేసిన ట్రాకుగా డిస్క్‌లో విడిగా పెట్టాలి. డిస్క్‌కు ప్రసార సంస్థలు విధించేలాంటి లౌడ్‌నెస్ (సగటు శబ్ద తీవ్రత) అంకె తప్పనిసరి కాదు కాబట్టి, ఆ స్వేచ్ఛను మాట స్పష్టత కోసం వాడుకోండి. ఒక పరీక్ష నేను ఎప్పుడూ మానను: శబ్దాన్ని పక్కగదిలో నిద్రపోతున్నవారికి ఇబ్బంది కలగనంతగా తగ్గించి, గుంపు సన్నివేశాలు మాత్రం వరుసగా వినడం. ఆ స్థాయిలో వినిపించిన మాటే ప్రేక్షకుడికి చేరుతుంది.

సబ్‌టైటిళ్లు

ఒకరి మాట మీద ఒకరి మాట పడే చిత్రానికి సబ్‌టైటిళ్లు రాయడం అనువాదం కంటే ఎక్కువగా ఎడిటింగ్ పని. తెర మీద ఒకసారి రెండు వరుసలకు మించి చదవలేం. లాటిన్ లిపిలో వరుసకు సుమారు 42 అక్షరాల హద్దు విస్తృతంగా పాటిస్తారు. ఇద్దరు మాట్లాడితే ఒక్కో వరుస ముందు అడ్డగీత పెట్టి ఇద్దరివీ ఇవ్వవచ్చు. నలుగురు మాట్లాడితే ఇద్దరిని వదలక తప్పదు, ఆ ఇద్దరెవరో దర్శకుడు చెప్పాలి. సబ్‌టైటిళ్లు రాసేవారికి చిత్రాన్ని, స్క్రిప్టును మాత్రమే పంపి ఊరుకుంటే వారు బిగ్గరగా వినిపించిన మాటను ఎంచుకుంటారు, కథకు కావలసినది పక్కన పడిపోతుంది. గుంపు సన్నివేశాలకు ప్రత్యేకంగా, ఏ మాట తప్పనిసరి, ఏది పోయినా ఫరవాలేదు అని గుర్తులు పెట్టిన ప్రతిని ఇవ్వాలి. ఆ ప్రతి తయారుచేయడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఆ రోజులను ఎవరూ లెక్కలో వేసుకోరు, నేను వేసుకోమని గట్టిగా కోరుతున్నాను.

చెవిటివారికి, వినికిడి తక్కువైనవారికి ఇచ్చే సబ్‌టైటిళ్లలో మాట్లాడే మనిషి పేరు కూడా రాస్తారు. పాత్రలు ఎక్కువైనకొద్దీ ఈ పేర్లే ఆధారం. కాని చిత్రం ఒక మనిషి పేరును ఇరవయ్యో నిమిషంలో బయటపెడితే, సబ్‌టైటిల్ దానిని రెండో నిమిషంలో చెప్పేయకూడదు. అప్పటివరకు ‘కళ్లజోడు మనిషి’ అనో ‘పెద్దావిడ’ అనో కంటికి కనిపించే గుర్తుతో రాయాలి. సబ్‌టైటిల్‌ను మాట్లాడుతున్న మనిషి వైపుకు జరపడం కూడా ఎంతో సాయపడుతుంది. వేర్వేరు మనుషులకు వేర్వేరు రంగులు వాడాలనుకుంటే బ్లూరే అందుకు వీలిస్తుంది. డీవీడీ సబ్‌టైటిల్‌లో ఒకసారికి నాలుగు రంగులే ఉంటాయి, అక్షరం అంచుకూ పారదర్శకతకూ పోగా మిగిలేది చాలా తక్కువ.

ఈ రెండు డిస్క్‌లలోనూ సబ్‌టైటిళ్లు అక్షరాలుగా కాకుండా బొమ్మలుగా నిక్షిప్తమవుతాయి. గుణింతాలు, ఒత్తులు ఉన్న మన లిపికి ఇది మేలు చేసే సంగతి: తయారీ దశలో అక్షరం సరిగా కూడితే ఎవరి ప్లేయర్‌లోనైనా సరిగానే కనిపిస్తుంది. తయారీలోనే ఒత్తు పక్కకు జారితే ప్రతి ఇంట్లోనూ జారే కనిపిస్తుంది కాబట్టి, ఆ భాష చదవగల మనిషి బొమ్మలుగా మారిన తర్వాతి ప్రతినే మొదటి నుంచి చివరిదాకా చదివి సరిచూడాలి.

అదనపు విశేషాలు

ఆడియో వ్యాఖ్యానం అనే సంప్రదాయం 1984లో, క్రైటీరియన్ సంస్థ లేజర్‌డిస్క్‌తో (డీవీడీకి ముందటి పెద్ద వీడియో డిస్క్) మొదలైంది. బహుపాత్రల చిత్రానికి ఇంతకంటే తగిన అలంకారం లేదు. అయితే పదిమంది నటులను ఒకే గదిలో కూర్చోబెట్టి రికార్డు చేస్తే నవ్వులు, పలకరింపులు తప్ప వినేవారికి ఏమీ దక్కదు. ముగ్గురేసి చొప్పున, తెర మీద ఎక్కువగా కలిసి కనిపించేవారిని జతచేసి, విడివిడిగా రికార్డు చేసి, తర్వాత కలిపి కూర్చాలి. మొదట్లో ప్రతి ఒక్కరూ తమ పేరు, పాత్ర పేరు చెప్పాలి, మధ్యమధ్య మళ్లీ గుర్తుచేయాలి. స్టీరియో వ్యాఖ్యానం సెకనుకు 192 కిలోబిట్లతో 140 నిమిషాలకు గిగాబైటులో ఐదోవంతు మాత్రమే తీసుకుంటుంది కాబట్టి, చోటు లేదన్న సాకు చెల్లదు. దర్శకుడి వ్యాఖ్యానం ఒకటి, నటులది ఒకటి పెట్టవచ్చు. వ్యాఖ్యానానికి కూడా సబ్‌టైటిళ్లు ఇస్తే వినలేనివారు కూడా దూరం కారు.

తొలగించిన సన్నివేశాలు ఈ తరహా చిత్రంలో ప్రత్యేకంగా విలువైనవి, ఎందుకంటే ఎడిటింగ్‌లో నిడివి తగ్గించినప్పుడు ఏదో ఒక పాత్ర కథ మొత్తంగా చిక్కిపోతుంది. ఆ నటుడి పని అక్కడైనా బతకాలి. అన్నీ కుప్పగా పోయకుండా పాత్రల వారీగా కూర్చి, ఎందుకు తీసేయవలసి వచ్చిందో ఎడిటర్ రెండు మాటలు చెబితే చూసేవారికి చిత్రం నిర్మాణం అర్థమవుతుంది. మెనూ వెనుక ఆడే దృశ్యాల్లో కథ ముగింపు కనబడకుండా చూసుకోండి. మెనూ సాదాగా ఉండి, రెండు నొక్కుల్లో చిత్రం మొదలైతే చాలు.

ముద్రణ, పరీక్ష

కొద్ది ప్రతులకైతే రాతడిస్క్‌లపై (కంప్యూటర్‌తో రాయగల ఖాళీ డిస్క్‌లు) కాల్చి ఇవ్వవచ్చు. వందల్లోకి వెళితే గాజు మాస్టర్ నుంచి అచ్చు తీసి ఒత్తే పద్ధతే మన్నికైనది, ప్రతికి అయ్యే ఖర్చు కూడా తగ్గుతుంది. ఒత్తిన బ్లూరేలకు ఏఏసీఎస్ అనే నకలు నిరోధక రక్షణ, దాని లైసెన్సు రుసుము తప్పనిసరి అన్న సంగతి మొదటిసారి చేసేవారికి తెలియక బడ్జెట్ తలకిందులవుతుంది. డీవీడీలో అలాంటి రక్షణ ఐచ్ఛికమే. ప్రాంతపు కోడ్ (డిస్క్ ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడాలో చెప్పే గుర్తు) పెట్టవద్దు. చిన్న చిత్రానికి ప్రేక్షకులు ఎక్కడెక్కడో ఉంటారు, వారికి తలుపు మూయడం వల్ల మనకు వచ్చేదేమీ లేదు. స్ట్రీమింగ్ సంస్థతో ముందే ఒప్పందం ఉంటే, డిస్క్ ఎప్పటివరకు రాకూడదన్న గడువు అందులో ఉందేమో చూసుకోవాలి. కొన్ని దేశాల్లో డిస్క్‌కు విడిగా వయసు వర్గీకరణ కావాలి. ఉదాహరణకు బ్రిటన్‌లో 1984 నాటి వీడియో రికార్డింగ్స్ చట్టం ప్రకారం కథాచిత్రాల డిస్క్‌లు అక్కడి వర్గీకరణ సంస్థ బీబీఎఫ్‌సీ ముందుకు వెళ్లాలి, ఆ సమయాన్ని విడుదల తేదీకి ముందే లెక్కించుకోవాలి.

ఒత్తడానికి ముందు వచ్చే పరీక్ష డిస్క్‌ను కంప్యూటర్‌లో కాకుండా కనీసం మూడు వేర్వేరు ప్లేయర్లలో, వాటిలో ఒకటి పాతదై ఉండేలా, ఆడించి చూడాలి. రెండు పొరల డీవీడీలో పొర మారేచోట బొమ్మ క్షణం ఆగే ప్లేయర్లు ఉంటాయి. ఆ మార్పు సంభాషణ మధ్యలో కాకుండా సన్నివేశాల మధ్య నిశ్శబ్దంలో పడేలా ఆథరింగ్‌లో నిర్ణయించాలి. ప్రతి శబ్ద ట్రాకునూ, ప్రతి సబ్‌టైటిల్ భాషనూ మొదటి నుంచి చివరిదాకా విడివిడిగా చూడాలి. నాలుగు ట్రాకులుంటే చిత్రాన్ని నాలుగుసార్లు చూడడమే, అక్కడక్కడ ముందుకు జరిపి చూసినది లెక్కలోకి రాదు. చివరిసారి మాత్రం చిత్రాన్ని ఎన్నడూ చూడని ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని, ముగిసిన తర్వాత పాత్రలన్నిటినీ గుర్తున్నంతవరకు చెప్పమని అడగండి. వారు ఎవరినైనా మరచిపోతే, ఆ పాత్ర ఉన్న గుంపు సన్నివేశాల శబ్దాన్ని, సబ్‌టైటిళ్లను ఇంకోసారి తెరిచి చూశాకే ముద్రణకు సంతకం చేయండి.